వారం పళ్ళ డబ్బా మానేశా, రాత్రి ఎనిమిదింటి గంప పట్టుకున్నా

శ్రీకాకుళంలో కొత్తగా పెట్టిన ఏసీ పళ్ళ షాపు గురించి రాద్దాం రాద్దాం అనుకుంటూనే మూడు నెలలైపోయింది. పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి, ఊరు చూస్తే ఇంత, రేపు పొద్దున్న ఎదురుపడితే మొహాలు చూసుకోవాలి కదా. డే అండ్ నైట్ జంక్షన్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు, అద్దాల తలుపు, లోపల పళ్ళ మీద తుంపర్లు కొట్టే మిషను, ఒకసారి వెళ్ళినోళ్ళకి ఈపాటికి అర్థమైపోయుంటుంది. నా లెక్కలో అయిదుకి మూడు. ఆ మూడులో సగం వెనక గేటు దగ్గర రాత్రి పూట పెట్టే గంపకి ఇచ్చాను. ఆ గంప సంగతి తర్వాత చెప్తా.

ముందు మంచి చెప్పుకుందాం. కాటా మనవైపు తిప్పి ఉంటుంది, కవరు పెట్టి సున్నా చేసి అప్పుడు తూస్తారు, రేటు ప్రతి ట్రే మీదా రాసి ఉంటుంది కాబట్టి బేరం అనే తలనొప్పి లేదు (మా అత్తగారికి మాత్రం బేరం లేకపోతే కొన్నట్టే ఉండదు, అది వేరే కథ). పుచ్చకాయ కోసి ముక్క పెట్టి తిని చూడమంటారు. ఒకసారి బొప్పాయి కోస్తే గింజల దగ్గర బూజు, ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే అరగంటలో కుర్రాడు ఇంకోటి పట్టుకొచ్చాడు, పాడైంది తిరిగిమ్మని కూడా అడగలేదు. అరటిపళ్ళు కార్బైడ్ వేసినవా అని అడిగితే కాదు మేడం, చాంబర్‌లో గ్యాసుతో మగ్గబెట్టినవి అన్నాడు. అది తప్పు కాదు, ఇథిలీన్ గ్యాసు 100 పీపీఎం (పది లక్షల పాళ్ళలో వంద) దాకా వాడుకోవచ్చని ఫుడ్ సేఫ్టీ వాళ్ళ రూలే ఉంది, నిషేధం కార్బైడ్ మీద. కాకపోతే ఆ అరటిపళ్ళకి తొక్క నిమ్మపండు రంగు, కాడ ఇంకా పచ్చ, నోట్లో పెట్టుకుంటే చక్కెరకేళి అన్న మాటే గానీ ఆ వాసనేదీ.

ఇప్పుడు అసలు సంగతి, వారం డబ్బా. 599 రూపాయలు, ప్రతి శనివారం ఇంటికి తెచ్చిస్తారు. పిల్లలిద్దరూ చిప్స్ తప్ప ఏదీ ముట్టట్లేదు, డబ్బా ముందు పెడితే అయినా తింటారేమో అని మార్చిలో కట్టాను. మొదటి డబ్బాలో నాలుగు యాపిల్స్, నాలుగు కివీలు, రెండు దానిమ్మలు, ఆరు అరటిపళ్ళు, చిన్న ఖర్బూజా ఒకటి, మూడు కమలాలు. చూడ్డానికి పెళ్ళివారి పళ్ళెంలా ఉంది, నేను స్టేటస్ కూడా పెట్టుకున్నాను, అబద్ధమెందుకు. మా ఇంట్లో ఆరుగురం. ఆరుగురికి నాలుగు యాపిల్స్ ఎలా పంచాలో ఆ ప్యాక్ చేసినాయనే చెప్పాలి. కివీ చూసి మా అత్తగారు "ఏటమ్మా ఇది, సపోటా కాయ మగ్గకుండా కోసేసినట్టుంది" అన్నారు, కోసి పెడితే ఒక ముక్క తిని ఉప్పూ కారం అడిగారు.

నాకు లెక్కలు రాసే అలవాటు, పాల పుస్తకం వెనకాల నెలంతా రాశాను. డబ్బా బరువు 3 కిలోల 400. తొక్క, గింజ, మెత్తబడి పారేసింది పోను మేం తిన్నది 2 కిలోల 300. అంటే తిన్న కిలో 260 పడింది. నాలుగు డబ్బాలకి 2,396, పైన బయట కొన్నవి 1,150, మొత్తం 3,546, తలకి 591 రూపాయలు. ఇంత పోసి కూడా, మనిషికి రోజుకి 100 గ్రాముల పళ్ళు తినాలని హైదరాబాద్ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో చెప్పిన దానికి మేం అందుకోలేదు. ఆరుగురికి నెలకి 18 కిలోలు కావాలి, మావి పదహారు కూడా పూర్తిగా రాలేదు. డబ్బు తక్కువయ్యి కాదు, డబ్బంతా కివీల్లోకీ యాపిల్ స్టిక్కర్లలోకీ పోయింది.

మరి మిగతా వాళ్ళు ఎంత పెడుతున్నారో చూద్దామని బుద్ధి పుట్టింది. కేంద్ర గణాంక శాఖ 2022-23లో చేసిన ఇంటి ఖర్చుల సర్వే ప్రకారం దేశంలో పల్లెల్లో మనిషికి నెల ఖర్చు సగటున 3,773, పట్నాల్లో 6,459. అందులో పళ్ళకి పోయేది పల్లెలో 3.71 శాతం, పట్నంలో 3.81. అంటే శాతాలు ఇంచుమించు ఒకటే, కానీ రూపాయల్లోకి మార్చితే పల్లె మనిషికి 140, పట్నం మనిషికి 246. ఆ 140తో ఈ షాపులో డజను 60 చొప్పున రెండు డజన్ల పైన నాలుగు అరటిపళ్ళు వస్తాయి, రోజుకో పండు కూడా అవ్వదు. ఇంకో మెలిక ఏంటంటే ఆ సర్వేలో పళ్ళంటే మనం అనుకునే పళ్ళే కాదు, కొబ్బరికాయ, జీడిపప్పు, ఆఖరికి వేరుశనగ పలుకులు కూడా ఆ పద్దులోనే రాస్తారు. మన జిల్లాలో ఆ మూడూ తీసేస్తే ఆ 140లో పండు అనేది ఎంత మిగుల్తుందో మీరే ఊహించుకోండి. పల్లెల్లో అన్నిటికంటే కింద ఉన్న అయిదు శాతం మంది నెల మొత్తానికి తిండీ బట్టా మందులూ అన్నీ కలిపి మనిషికి పెట్టింది 1,373, పట్నంలో అయితే 2,001. నేను నాలుగు శనివారాల డబ్బాకి కట్టింది 2,396. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్నాక డబ్బా మీద మోజు సగం పోయింది.

మిగతా సగం పోయింది గంప దగ్గర. ఏప్రిల్‌లో ఒకరోజు ఆలస్యంగా వెళ్ళాను, ముందు పార్కింగ్ లేక (ఇది కూడా కంప్లైంటే, రెండు స్కూటీలు పెడితే మూడోది రోడ్డు మీదే) బండి పక్క సందులో పెట్టాను. సందులోకి షాపు వెనక గేటు ఉంది. ఎనిమిది అవుతోంది, గేటు తీసి కుర్రాడు ఒక పెద్ద గంపా రెండు ప్లాస్టిక్ ట్రేలూ బయట పెట్టాడు. అప్పటికే ఏడెనిమిది మంది ఉన్నారు, ఆటోవాళ్ళు ఇద్దరు, ఆసుపత్రి యూనిఫాంలో ఒకామె, చంకలో గుంటడితో (మా వైపు పిల్లల్ని గుంటలంటాం) ఒకావిడ, అందరూ వాళ్ళ సంచులు వాళ్ళే తెచ్చుకున్నారు. గంపలో మచ్చలు పడ్డ అరటిపళ్ళు, హస్తం నుంచి ఊడిపోయిన విడి పళ్ళు, పగుళ్ళిచ్చిన బొప్పాయిలు, ఒకవైపు దెబ్బ తగిలిన జామకాయలు, ముడుచుకుపోయిన యాపిల్స్. అరటిపళ్ళు డజను 25, బొప్పాయి కిలో 20. ఇక్కడ ఏసీ లేదు, తుంపర్లు లేవు, బిల్లు లేదు, క్యూఆర్ కోడ్ మాత్రం గేటుకి అతికించి ఉంది. ఆ గుంపులో మా ఇంట్లో పనిచేసే అప్ప ఉంది.

నన్ను చూసి మొహమాటపడింది, నాకూ అలాగే అయింది, ఎందుకంటే నా చేతిలో ముందు కౌంటరు కవరు ఉంది. "రోజూ వస్తావా అప్పా" అంటే "రోజూ ఎక్కడమ్మా, గుంటలు అడిగినపుడు, ఇది ఖాళీ అయిపోతే లేదు" అంది. ఆవిడ పళ్ళు ఎంచుకోవడం చూడాలి మీరు. మచ్చలున్నవి కావాలనే ఏరుతోంది, కాడ దగ్గర నొక్కి చూస్తోంది, పైన నల్లబడి కాడ గట్టిగా ఉంటే సంచిలోకి, కాడ దగ్గర తడిగా ఉంటే పక్కకి. "మచ్చ పడితే తీపమ్మా, మీరు కొంటున్నవి ఇంకా నిద్ర లెగలేదు" అని నవ్వింది. నేను కూడా డజను కొన్నాను. ఇంటికెళ్ళి పక్కపక్కన పెట్టి పిల్లలకి ఇచ్చాను, చెప్పకుండా. మచ్చలవే ముందు అయిపోయాయి.

ఆ రాత్రి మళ్ళీ పుస్తకం తీశాను. వాళ్ళింట్లో నలుగురు, మనిషికి రోజుకి ఒక్క అరటిపండు అంటే సుమారు ఆ 100 గ్రాములు, నెలకి 120 పళ్ళు, పది డజన్లు. ఆవిడ మూడిళ్ళలో చేస్తే నెలకి ఆరు వేలు వస్తాయి. ముందు కౌంటరు రేటుకి పది డజన్లు 600, ఆవిడ సంపాదనలో పదో వంతు పూర్తిగా అరటిపళ్ళకే. వెనక గేటు రేటుకి 250, నాలుగు శాతం చిల్లర. అంటే దేశం మొత్తం పళ్ళకి పెట్టే సగటు శాతం దగ్గరికి రావాలంటే ఆవిడ ఆ వెనక గంప నుంచే కొనుక్కోవాలి, అదీ దొరికిన రోజున. ఒకే షాపు, ఒకే లారీలో దిగిన గెలలు, ముందు తలుపుకీ వెనక గేటుకీ మధ్య రెండు రోజుల వయసు తేడా. నాకు తెలిసి ఈ ఊళ్ళో ఇంకే షాపూ ఇలా పెట్టట్లేదు, వాళ్ళ దగ్గర మిగిలింది సాయంత్రానికి చెత్తబండికి పోతుంది, అందుకే ఆ స్టార్లు. ఇంకా బాగుండేది ఏంటంటే ఆ గంప ముందువైపే, వెలుతురులోనే పెడితే. అడిగాను కూడా. "ముందు పెడితే షాపు లుక్ పోతుంది మేడం" అన్నాడు. సరే.

మా అత్తగారి మాట కూడా రాయాలి, లేకపోతే ఈ రివ్యూ సగమే. ఆవిడది కవిటి వైపు, కొబ్బరితోటల ఉద్దానం. చిన్నప్పుడు పండు కొన్న గుర్తే లేదంటారు, పెరట్లో పనస, జామ, తోటలో కొబ్బరి, జీడిమామిడి, ఎండలకి తాటిముంజెలు, వానలకి నేరేడు, గుంటలు చెట్టు మీదే తినేసి ఇంటికొచ్చేవాళ్ళట. జీడిపిక్క అమ్మకానికి, పండు గుంటలకి. సర్వేవాళ్ళు సొంత చెట్టుది తిన్నా దానికి రేటు కట్టి లెక్కలో వేస్తారు గానీ, దారిలో రాలిన నేరేడు పళ్ళు తిన్నామని ఎవరు గుర్తుపెట్టుకుని చెప్తారు. తర్వాత 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. తెల్లారేసరికి పెరట్లో పనస వేళ్ళతో సహా పడి ఉంది, తోటలో కొబ్బరిచెట్లు మొదళ్ళ దగ్గర విరిగి కొన్ని, తలలు తెగి కొన్ని. కొబ్బరి మొక్క నాటితే కాయ చూడ్డానికి అయిదారేళ్ళు కావాలి. ఆ ఏడాది కార్తీక మాసంలో దేవుడికి కొట్టడానికి మా అత్తగారు జీవితంలో మొదటిసారి కొబ్బరికాయ డబ్బులిచ్చి కొన్నారు. ఉద్దానం మనిషి కొబ్బరికాయ కొనడం! ఇప్పటికీ చెప్తారు, "కాయకి ముప్పై అడిగాడమ్మా, నాకు" అని. ఆ "నాకు" అనే మాట ఆవిడ అనే తీరు రాతలో రాదు.

అందుకే ఆవిడకి ఈ డబ్బా అర్థం కాదు. మే రెండో వారం డబ్బాలో న్యూజిలాండ్ యాపిల్స్ వచ్చాయి, తెల్ల వల తొడిగిన బంగినపల్లి మామిడిపళ్ళు రెండే రెండు. అదే వారం మా అన్నయ్య విజయనగరం నుంచి కొత్తవలస దగ్గర తోటవి సువర్ణరేఖలు రెండు క్రేట్లు బస్సులో వేశాడు, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్ళి తెచ్చుకున్నాం, ఇల్లంతా వాసన, మంచం కింద గడ్డిలో పెట్టి మగ్గినవి మగ్గినట్టు తిన్నాం. ఆ తోటల్లోంచి లారీలకి లారీలు ఉత్తరాదికి పోతాయి, ఇంత దగ్గర్లో ఉన్న మన షాపులో ఆ పండు లేదు. ఎందుకు పెట్టట్లేదని అడిగితే "సువర్ణరేఖ ప్రీమియం కాదు మేడం, ఎక్కువ రోజులు ఆగదు కూడా" అన్నాడు. ఆగకపోవడం మాట నిజమే. కానీ కాశ్మీర్ వాళ్ళకి యాపిల్ మన జామకాయ లాంటిది, పెరట్లో పండేది, అది మన దగ్గరికి వచ్చేసరికి ఆసుపత్రికి పట్టుకెళ్ళే పండు అయిపోయింది. విటమిన్ సి చూసుకుంటే జామలో 100 గ్రాములకి 200 మిల్లీగ్రాముల పైనే, యాపిల్‌లో అయిదు ఉంటే గొప్ప. అయినా చుట్టాలింటికి జామకాయలు పట్టుకెళ్ళామనుకోండి, ఏమనుకుంటారో మనకి తెలీదా.

ఇక తిట్లు. నాకు నిజంగా కోపం వచ్చింది గోడ మీద ఫ్లెక్సీ చూసి. "మీ కిడ్నీలు క్లీన్‌గా ఉండాలా? రోజూ కొబ్బరినీళ్ళు, అరటిపండు" అని పెద్ద పెద్ద అక్షరాలతో. ఏ ఊళ్ళో పెట్టారండీ అది? శ్రీకాకుళంలో! ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి దేశమంతా తెలుసు, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రే మొదలుపెట్టారు. మా మావయ్యగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్, అందుకే వాళ్ళు ఊరు వదిలి మా దగ్గర ఉంటున్నారు. డాక్టరు మొదటి రోజే చెప్పింది కొబ్బరినీళ్ళు ముట్టొద్దు, అరటిపండు వద్దు, పొటాషియం పెరిగితే గుండె మీదకి వస్తుంది అని. అరటిపండులో 100 గ్రాములకి సుమారు 350 మిల్లీగ్రాముల పొటాషియం, యాపిల్‌లో అందులో మూడో వంతు కూడా ఉండదు, జామలో అరటిపండు కంటే ఎక్కువే. అందుకని జీవితమంతా చెట్టు మీది కొబ్బరిబోండాం తాగిన మనిషికి ఇప్పుడు దొరికేది ఎప్పుడైనా రెండు యాపిల్ ముక్కలు, అదీ డాక్టరు సరేనంటేనే, ఒక్కొక్కళ్ళకి ఒక్కోలా చెప్తారు. ఇంట్లో అందరం సువర్ణరేఖలు చీకుతుంటే ఆయన లేచి వరండాలోకి వెళ్ళి పేపరు తిరగేస్తారు. ఇదంతా ఎందుకంటే, కిడ్నీ పేషెంటున్న ఇంట్లోంచి ఎవరైనా ఆ ఫ్లెక్సీ చదివి బోండాలు పట్టుకెళ్తే? కౌంటరులో చెప్పాను, "అది హైదరాబాద్ నుంచి ప్రింటయి వచ్చింది మేడం, చెప్తాం" అన్నారు. నాలుగు వారాలైంది, అలాగే ఉంది. ఒక స్టారు కట్.

ఇంకో స్టారు డబ్బా వాళ్ళ తీరుకి కట్. ఎవరి ఇంటికైనా అదే డబ్బా, మాకు కివీలు తీసేసి అరటిపళ్ళు ఎక్కువ పెట్టండి అంటే సిస్టంలో ఆప్షన్ లేదంటారు. ఏడున్నరకి ఫోన్ చేస్తే తీస్తారు, మాట మర్యాదగానే ఉంటుంది, పని మాత్రం అవ్వదు. ఒక వారం డెలివరీ కుర్రాడు ఎండలో తిరిగి తిరిగి మధ్యాహ్నం రెండింటికి తెచ్చాడు, ఖర్బూజా ఉడికిపోయినట్టు అయింది, పాపం ఆ కుర్రాణ్ణి అని లాభం లేదు, మంచినీళ్ళిచ్చి పంపాను.

ఎవరికి బాగుంటుంది అంటే, ఇద్దరే ఉండి, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, మార్కెట్‌కి వెళ్ళే తీరిక లేని వాళ్ళకి డబ్బా పర్వాలేదు. చుట్టాలింటికీ ఆసుపత్రికీ పట్టుకెళ్ళాలంటే ముందు కౌంటరు బాగుంటుంది, ప్యాకింగ్ శుభ్రం. ఆరుగురున్న ఇంటికి మాత్రం దండగ. నేను మే ఆఖరుకి డబ్బా ఆపేశాను, మిగిలిన డబ్బులు రెండు రోజుల్లో ఫోన్‌పేలో వేసేశారు, ఆ విషయంలో పేచీ పెట్టలేదు.

ఇప్పుడు మా పద్ధతి ఏంటంటే, ఆదివారం పొద్దున్న మార్కెట్‌లో జామ, బొప్పాయి, ఇప్పుడైతే సీతంపేట అనాసలు కూడా దిగుతున్నాయి, ఏజెన్సీ నుంచి వచ్చే ఆడవాళ్ళు కుప్పలు పోసి కూర్చుంటారు, ముళ్ళు గీరుకున్న చేతులతోనే కాయ తట్టి చెప్తారు ఇది ఇవాళ కొయ్యి, ఇది ఎల్లుండి కొయ్యి అని, ఇప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు. మావయ్యగారికి యాపిల్ ఏసీ షాపులోనే, రెండు తూకం వేయించి. అరటిపళ్ళు మాత్రం వెనక గేటులో, వారానికి రెండు రోజులు. మొదట్లో నేను వెళ్ళడం వల్ల అక్కడ నిజంగా అవసరమైన వాళ్ళకి తక్కువ పడుతుందేమో అనిపించి అప్పనే అడిగాను. "బుధవారం, శనివారం ఎక్కువ పెడతారమ్మా, ఆ రోజులు రా, మిగతా రోజులు మాకే చాలవు" అంది.

ఇవాళ బుధవారం, ఏడున్నర అయింది. సంచి మర్చిపోకండి, వాళ్ళు కవరు ఇవ్వరు.